నిఘంటువు కింద ధనియాలు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ రాయలేదు. ఒక వానాకాలం చివరి నుంచి మరుసటి వేసవి మొదలయ్యేదాకా బాపట్లలో మా మేనత్త కర్రీ పాయింట్‌లో పప్పుకీ పులుసుకీ ఉప్పు చూసింది నేనే. కవర్లలో కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళంతా అది అత్త చేతి వంట అనుకున్నారు. చెయ్యి అత్తదే. నాలుక మాత్రం నాది.

మా అత్త వండేటప్పుడు రుచి చూడదు. నలుగురికి పెట్టే వంట ముందుగా మన నోట్లో పడితే అది ఎంగిలి అని రేపల్లెలో నానమ్మ నేర్పింది. పెళ్ళయి బాపట్ల వచ్చాక, స్టేషన్ రోడ్డులో కొట్టు పెట్టాక కూడా అత్త ఆ పద్ధతి వదల్లేదు. గిన్నె మీద మూత తీసి, పైకి లేచిన ఆవిరిని అరచేత్తో మొహం వైపు తోసుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. తర్వాత ఉప్పు డబ్బా వైపు చెయ్యి చాపుతుంది, లేదంటే చాపదు. అంతే. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి వంటింటి గడప మీద కూర్చుని అది చూస్తూ, ఉప్పుకి ఒక వాసన ఉంటుందనీ, అది పెద్దయ్యాకే తెలుస్తుందనీ, నాకూ ఏదో ఒకరోజు తెలుస్తుందనీ అనుకునేదాన్ని. ఆ రోజు కోసం ఎదురుచూసేదాన్ని కూడా.

ఆ వానల్లో అత్తకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది. అత్తకి ఆ సంగతి తెలిసింది పోపు మాడినప్పుడు. ముందు గదిలో కవర్లు కడుతున్న మామయ్య దగ్గుకుంటూ లోపలికి పరిగెత్తుకొస్తే, అత్త పొగలోనే, మూకుడు ముందే, ప్రశాంతంగా నిలబడి ఉందట. ఏదో ఆలోచనలో పడ్డానని మామయ్యకి సర్దిచెప్పింది. మర్నాడు పంటి నొప్పి అని చెప్పి తెనాలి, మా ఇంటికి వచ్చింది. డాక్టరు దగ్గరికి తోడు నన్ను రమ్మంది. ఆటో ఎక్కాకే అది పంటి డాక్టరు కాదని నాకు తెలిసింది.

డాక్టరు అన్నీ చూసి, వాసన తిరిగి రావచ్చనీ, ఎప్పుడొస్తుందో చెప్పలేననీ, రకరకాల వాసనలు రోజూ కాసేపు చూస్తూ ఉండమనీ చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త, నోరు కూడా మొద్దుబారిందనీ, ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టుందనీ మెల్లిగా చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"నువ్వు నాతో వచ్చి ఉప్పు చూసి చెప్పాలే," అంది.

నేనా అన్నట్టు చూశాను.

"నువ్వే. నీ నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టించాలి. అందుకే నువ్వు. మీ నాన్నకి తెలిస్తే రేపల్లెలో అమ్మకి తెలుస్తుంది, మీ మామయ్యకి తెలిస్తే బాపట్లంతా తెలుస్తుంది." ఆటో రైలు గేటు దగ్గర ఆగింది. అత్త చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "వేసవి దాకా చూస్తా. అప్పటికీ రాకపోతే కొట్టు మూసేస్తా. వాసన తెలియకుండా జనానికి వండిపెట్టడం కళ్ళు మూసుకుని బండి తోలడమే," అంది.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఇంట్లో కూర్చుని ఏవో పరీక్షలకి చదువుతున్నానని అందరూ అనుకునేవాళ్ళు. నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలలు చదువుతూ, మేడమెట్ల కింద కిటికీ దగ్గర ట్రేలలో మొలకలు పెంచుతూ ఉండేదాన్ని. మైక్రోగ్రీన్స్ అంటారు వాటిని. గింజ మొలకెత్తి రెండు బుల్లి ఆకులు విప్పుకోగానే కత్తిరించుకుని తినేయడమే. అమ్మ వాటిని గడ్డి అనేది. నాన్న నారుమడి అనేవాడు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏమ్మా, నారు ఎంతవరకు ఎదిగింది?" అని, అక్కడేదో ఎకరాల్లో నాట్లు పడాల్సి ఉన్నట్టు గంభీరంగా అడిగేవాడు.

మొదట్లో అన్నీ చెడిపోయాయి. ఒకసారి ముల్లంగి గింజలు మొలకెత్తి వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు వేస్తే, బూజు పట్టిందని అమ్మ ట్రే అంతా చెత్తబుట్టలో పోసింది. అది బూజు కాదు, వేళ్ళకుండే సన్నటి వెంట్రుకలు. నీళ్ళు చిలకరిస్తే కనబడకుండా అణిగిపోతాయి. ఆ మాట అమ్మకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాన్న ఉత్సాహంగా విత్తనాల కొట్టుకి వెళ్ళి మేలు రకమని ఒక ప్యాకెట్ తెచ్చాడు. విప్పితే గింజలన్నీ గులాబీ రంగులో మెరుస్తున్నాయి. పురుగు పట్టకుండా మందు పట్టించినవి. మా వైపు పొలం చేసేవాళ్ళకి అదే మంచి విత్తనం. ఆకు విప్పగానే కోసుకు తినేవాళ్ళకి అది విషం. నాన్న ఆ గింజల్ని అరచేతిలో కాసేపు చూసి, "నిజమేనమ్మా, నాకు తట్టనేలేదు," అని ప్యాకెట్ మడిచి పెట్టేశాడు. అప్పట్నుంచి కిరాణా కొట్లో పోపు డబ్బాలోకి కొనే ఆవాలూ మెంతులూ ధనియాలే వాడుతున్నాను. ముల్లంగి గింజలు మాత్రం మందు పట్టించనివి వెతికి తెప్పించుకుంటాను.

తడిపిన కొబ్బరి పొట్టు మీద గింజలు చల్లాక మొదట వాటికి చీకటి కావాలి. మీద కాస్త బరువు కూడా కావాలి. బరువుంటే వేళ్ళు గట్టిగా దిగుతాయి, కాడలు నిటారుగా లేస్తాయి. చాలామంది ఇటుక పెడతారు. నేను ట్రే మీద ఇంకో ట్రే పెట్టి, దాని మీద మా ఇంట్లో ఉన్న పాత నిఘంటువు పెట్టేదాన్ని. అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే ఆ పుస్తకం రాత్రి పెట్టిన చోట లేదు, కాస్త పైకి లేచి ఉంది. అన్ని వేల మాటల్నీ నీళ్ళు తాగిన ఆవగింజలు నెత్తిన పెట్టుకుని మోస్తున్నాయి. దాన్ని దించబుద్ధి కాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ చీకటి ట్రేకి ఏదో ఒక పుస్తకం పైకి చదివి వినిపించేదాన్ని. మనుషుల ముందు రాని గొంతు వాటి ముందు బాగానే వచ్చేది. ఇదీ ఎవరికీ చెప్పలేదు.

అలా, కొట్లో అత్తకి సాయమని ఇంట్లో చెప్పి, ఆ నిఘంటువునీ, రెండు ట్రేలనీ, నాలుగు జతల బట్టల్నీ పట్టుకుని బాపట్ల వెళ్ళాను. ఆదివారాలు తెనాలి, మిగతా రోజులు బాపట్ల. పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని ట్రేని ఒళ్ళో పెట్టుకునేదాన్ని. చుండూరు దాటాక రెండు వైపులా వరి, అది పసుపుగా మారుతూ ఉండేది. నా ఒళ్ళో పచ్చగా, జానెడు కూడా లేని ఇంకో చేను. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఎండ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారేది. నిడుబ్రోలు వచ్చేసరికి ఆకులన్నీ వెలుగు వైపు కొద్దిగా తలలు తిప్పాయని నాకనిపించేది. నిజంగా అంత తొందరగా తిరుగుతాయో లేదో తెలియదు. అప్పికట్ల దగ్గరికి వచ్చాక గాలి మారేది. సముద్రం కనబడదు గానీ, గాలి ఒంటికి అంటుకునేది.

అత్త వాళ్ళ ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో మామయ్య బల్ల, వెనక వంటిల్లు, దాని వెనక చిన్న వరండా. ఆ వరండాలో తూర్పు వెలుగు పడే చోట నా ట్రేలు పెట్టుకున్నాను. పొద్దున్నే అత్త వంట మొదలుపెట్టేది. ఒక్కో గిన్నె దించబోయే ముందు చిన్న ఆకు ముక్కలో రెండు చుక్కలు వేసి ఇచ్చేది. నేను దాన్ని పట్టుకుని వరండా దాటి పెరట్లోకి వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి నాలిక మీద వేసుకుని, చేతులు కడుక్కుని తిరిగొచ్చేదాన్ని. వంటింట్లో ఎంగిలి పడకూడదు కదా. మామయ్య అడిగితే మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళానని చెప్పేవాళ్ళం.

నాతో వచ్చిన చిక్కల్లా, నేను అన్నిటికీ "బాగుంది" అనేదాన్ని. ఎవరింట్లో ఏం పెట్టినా బాగుందనడమే నాకు వచ్చు. రెండో వారంలో అనుకుంటాను, కాలేజీ మేష్టారొకాయన చారు కవరు తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. "ఇవాళ సముద్రం కొంచెం లోపలికి వచ్చినట్టుందండీ," అన్నారు. మామయ్య నవ్వేసి వేరే కవరు ఇచ్చాడు. వంటింట్లో అత్త నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బాగుందనేది మొహమాటం మాట అనీ, చుట్టాలింటికి వచ్చినదానిలా కాదు, ముక్కులా ఉండమనీ చెప్పింది. ఎక్కువో తక్కువో చెప్పు, బాగుందని మాత్రం అనకు అంది. మర్నాడు పెరట్లోంచి వచ్చి, "తక్కువ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ మాట చెప్పేముందు కుళాయి దగ్గర దాన్ని రెండు మూడుసార్లు అనుకుని వచ్చాను.

సూర్యలంక నుంచి చేపల గంపతో ఒకామె వచ్చేది. అత్తని పిన్నీ అని పిలిచేది. మునుపు అత్త ప్రతి చేపనీ మొప్పల దగ్గర ఎత్తి వాసన చూసి గాని తీసుకునేది కాదట. ఇప్పుడు కళ్ళు చూసి, వేలితో నొక్కి, నావైపు ఒకసారి చూసి తీసుకుంటోంది. "ఏంటి పిన్నీ, ఈ మధ్య ముక్కు దగ్గర పెట్టుకోవట్లేదు. నామీద అంత నమ్మకం ఎప్పట్నుంచి?" అని ఆమె నవ్వింది. అత్త కూడా నవ్వి, వయసు మీద పడితే అందర్నీ నమ్మాల్సి వస్తుందంది. ఆమె వెళ్ళిపోయాక గంప దించిన చోటే చాలాసేపు కూర్చుంది.

తర్వాత రేపల్లెలో తాతయ్య సంవత్సరీకం వచ్చింది. ఏటా ఆ రోజు వంట అత్తదే. తాతయ్యకి అత్త చేసే సొరకాయ పులుసు ఇష్టం. ఆయన ఫోటో ముందు విస్తరి వేసి అన్నీ వడ్డించేదాకా ఇంట్లో ఎవరూ ఉప్పు కల్లు కూడా నోట్లో వేసుకోరు. ఆకు ముక్కలో రెండు చుక్కలు ఇచ్చి పెరట్లోకి పంపడం అక్కడ కుదరదు. తెనాల్లో బండి మారి రేపల్లె పాసింజరు ఎక్కాక అత్త దారి పొడుగునా ఒకటే ఆలోచిస్తూ వచ్చింది. భట్టిప్రోలు దగ్గర నాకు ఉపాయం చెప్పింది. నేను పొయ్యి పక్కనే నిలబడి ఆవిరి వాసన చూడాలి. ఇన్ని రోజులుగా చూస్తున్నాను కాబట్టి నాకు తెలుస్తుంది. ఉప్పు తక్కువనిపిస్తే చిన్నగా దగ్గాలి. సరిపోతే ఊరుకోవాలి. మాటతో పని లేదు కాబట్టి నాకూ అది సులువుగానే తోచింది.

నానమ్మ వంటింట్లో కట్టెల పొయ్యి లేదు గానీ ఆ పొగ వాసన గోడల్లో ఇంకా ఉంది. పులుసు మరుగుతోంది. అత్త మూత తీసి, అలవాటుగా ఆవిరిని మొహం వైపు తోసుకుని, కళ్ళు మూసుకుంది. చూసేవాళ్ళకి అంతా మామూలుగానే ఉంది. నేను వంగి వాసన చూశాను. బెల్లం తెలుస్తోంది, చింతపండు తెలుస్తోంది, వాటి వెనక ఉండాల్సినదేదో లేదు. చిన్నప్పట్నుంచి ఎదురుచూసిన ఆ వాసన లేకపోవడమే నాకు మొదటిసారి తెలిసింది. నేను దగ్గాను.

గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ గబుక్కున లోపలికొచ్చింది. "పెద్దాయనకి పెట్టే దాని మీద దగ్గుతావేంటే," అని నన్ను రెక్క పట్టుకుని బయటికి నడిపించి, జలుబు తగ్గేదాకా ఇటు రావద్దంది. పెరట్లో ఆరేసిన చీరల మధ్య నిలబడి, కిటికీలోంచి అత్త వీపు చూశాను. ఒకసారి వెనక్కి తిరిగింది. నేను కనబడలేదు. నా దగ్గు సైగో, నిజం జలుబో తేలక కాబోలు, ఉప్పు వెయ్యకుండానే పులుసు దించేసింది.

పంక్తిలో అందరూ కూర్చున్నాం. నానమ్మ పులుసు కలుపుకుని ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా విస్తరి పక్కనున్న ఉప్పులోంచి ఒక చిటికెడు తీసి కలుపుకుంది. తర్వాత పెద్దమ్మ. తర్వాత నాన్న. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఎండు ఆకుల మీద వేళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వడ్డిస్తున్న అత్త చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. ఎవరైనా ఒక మాట అని ఉంటే బాగుండేది.

నాన్న ఆ రాత్రికి నానమ్మ దగ్గరే ఉండిపోయాడు, తిరుగు బండిలో మేమిద్దరమే. అత్త పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని, తెనాలి దాకా ఆకలికి ఆగలేదని, నా సంచిలో ఉన్న పెరుగన్నం డబ్బా తీశాను. వేరే చిన్న స్టీలు డబ్బాలో ఆవ మొలకలున్నాయి. పొద్దున్నే కోసినవి. అన్నం మీద ఒక గుప్పెడు వేసి ఇచ్చాను. అత్త గడ్డి కూడా తినాల్సి వచ్చిందా అని గొణుక్కుంటూ నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ముక్కు పట్టుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను.

"పైకెక్కిందే," అంది. "ముక్కులోకి. ఇక్కడ దాకా." నుదుటి మీద వేలు పెట్టి చూపించింది. వేమూరు నుంచి తెనాలి దాకా ఆ డబ్బా మొత్తం ఒక్కో చిటికెడే తింది. ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంది, ప్రతిసారీ నవ్వింది. బయట చీకటి పడబోతోంది. కాలవలో నీళ్ళు మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి, బండితో పాటే వస్తున్నాయి.

మర్నాడు డాక్టరుకి ఫోన్ చేయించింది. ఆయన మంచిమాటే చెప్పారు గానీ, నిజం కూడా చెప్పారు. ఘాటు వేరట, వాసన వేరట. కళ్ళలో నీళ్ళు తెప్పించేది ఒక నరం, వాసన పట్టేది ఇంకో నరం. ఆవ పని చేసిందని రెండోది మేలుకున్నట్టు కాదట. అత్త ఫోన్ నా చేతికిచ్చి, "అయినా ఏదో ఒకటి బతికే ఉంది కదే లోపల," అంది. ఆ రోజు నుంచి వరండా అంతా ట్రేలే. ట్రేలు చాలకపోతే మామయ్య స్వీట్ల కొట్లో డబ్బాల మూతలు అడిగి తెచ్చాడు. "ఏం కోడలా, మేకల్ని కూడా నువ్వే తెస్తావా, నన్ను తెమ్మంటావా?" అనేవాడు. అంటూనే పెరుగన్నం డబ్బాల మీద ముల్లంగి మొలకలు చల్లి అమ్మడం మొదలుపెట్టాడు. కాలేజీ పిల్లలు వాటి కోసమే వచ్చేవాళ్ళు. పప్పు దించాక, మంట ఆపేశాకే, మెంతి మొలకలు వేసి మూత పెట్టాలి. ముందే వేస్తే మెత్తబడి చేదు ఒక్కటే మిగులుతుంది.

పొద్దున్నే పొయ్యి వెలిగించకముందు మాకొక ఆట ఉండేది. అత్త వరండాలో పీట మీద కూర్చుని కళ్ళు మూసుకునేది. నేను ఒక్కో రకం చిటికెడు కోసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టేదాన్ని. ఏదో ఒకటి చెప్పమనేదాన్ని. మెంతి అనేది, అది ముల్లంగి అయ్యేది. పెసర అనేది, అది మెంతి అయ్యేది. నేనే చెప్పేదాన్ని, "ఇది మెంతి అత్తా," అని. అత్త తలూపేది, బళ్ళో పిల్లలా. రోజూ ఏదో ఒకటి చెప్పి చెప్పి, నేను ఆ ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడగలిగేలా అయ్యాను. మామయ్యతో, కాలేజీ పిల్లలతో, చేపలామెతో. వీళ్ళెవరూ నేను మాట్లాడని పిల్లనని అనుకోలేదు.

ఒక ఆదివారం నేను తెనాల్లో ఉండగా అత్త తనే మొలకలన్నీ కోసింది. నాకు పని తగ్గుతుందనుకుంది. నేనైతే కోసినవాటిని కడగకుండా, స్టీలు డబ్బాలో పొడిగుడ్డ పరిచి, వదులుగా వేసి, పైన ఇంకో పొడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెడతాను. తినేముందే కడుగుతాను. కర్రీ పాయింట్ వాళ్ళకి దేన్నైనా కవర్లో పోసి ముడెయ్యడం అలవాటు. అత్త శుభ్రంగా కడిగి, తడితోనే కవర్లో వేసి, రబ్బరు బ్యాండు బిగించి పెట్టింది. సోమవారం నేను స్టేషన్ నుంచి వచ్చేసరికి ఆ కవరు విప్పి, పెరుగన్నం డబ్బాల మీద చల్లబోతోంది. గుమ్మంలోకే వాసన కొట్టింది. కుళ్ళిన వాసన. అత్త దాన్ని గుప్పిట్లో పట్టుకుని నావైపు చూసి నవ్వుతోంది, వచ్చావా అని.

"అత్తా, వద్దు. వెయ్యకు," అని అరిచాను. ముందు గదిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మామయ్య కవరు కడుతూ ఆగిపోయాడు. నేను అంత గట్టిగా మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు, నేను కూడా.

అత్త చెయ్యి విప్పి ఆకుల్ని చూసింది. పైకి పచ్చగానే ఉన్నాయి, కింద జిగురు. అన్నీ తీసుకెళ్ళి పెరట్లో పారబోసి చాలాసేపు చేతులు కడుక్కుంది. ఆ సాయంత్రం మామయ్యతో, ఉగాది వెళ్ళాక కొట్టు మూసేద్దాం అంది. ఒళ్ళు సహకరించట్లేదంది. మామయ్య ఎందుకని అడగలేదు. రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తూ, నువ్వెలా అంటే అలాగే అన్నాడు. ఆయనకి అంతా తెలుసో, ఏమీ తెలియదో, నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత పొద్దుటి ఆట ఆగిపోయింది. నేను పెరట్లోకి వెళ్ళి ఉప్పు చూసి వచ్చి చెబుతూనే ఉన్నాను. అత్త వేస్తూనే ఉంది. ట్రేలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. మళ్ళీ చల్లమని అత్త అనలేదు, నేనూ అడగలేదు. ఒక్క ధనియాల ట్రే మిగిలింది. అప్పడాల కర్రతో మెల్లిగా దొర్లించి, ఒక్కో గింజ రెండు బద్దలయ్యేలా చీల్చి చల్లినవి. అన్నిటికంటే బద్ధకం వాటికే. ఆవాలు పుట్టి పెరిగి కోతకి వచ్చినా ఇవి నిఘంటువు కింద నిద్రపోతూనే ఉన్నాయి. చచ్చాయేమో అనుకుని కూడా, ఎందుకో తీసెయ్యలేదు. మధ్యాహ్నం కొట్టు సద్దుమణిగాక వాటి పక్కన కూర్చుని చదివేదాన్ని. వంటింట్లో అత్త గిన్నెలు తోముతూ వింటున్నదని తర్వాత తెలిసింది. ఒకరోజు నేను ఆపితే, "తర్వాతేమైంది?" అని లోపల్నుంచి అడిగింది. అప్పట్నుంచి కొంచెం గట్టిగా చదివేదాన్ని.

మామిడి పిందెలు బజార్లోకి వచ్చేశాయి. ఒకరోజు పొద్దున్నే నిఘంటువు పక్కకి ఒరిగి ఉంది. పైట్రే ఎత్తి చూస్తే లేత పసుపు కాడలు, నెత్తిమీద గింజ పొట్టు టోపీలు పెట్టుకుని. వెలుగులో పెట్టిన మర్నాడే పచ్చబడ్డాయి. తర్వాత ఒక్కో టోపీ రాలిపోయింది. ఆకులు సన్నగా, పొడుగ్గా విప్పుకున్నాయి. కొత్తిమీర ఆకులా ఉండవు అవి, గడ్డిపోచల్లా ఉంటాయి. అమ్మ చూస్తే సరిగ్గా అదే అనేది.

వాటిని కోసింది ఉగాదికి ముందు ఒక ఉదయం. అత్త వంటింట్లో నాకు వీపు పెట్టి, కుళాయి కింద బియ్యం కడుగుతోంది. నేను వరండాలో కూర్చుని, డబ్బాలో పొడిగుడ్డ పరుచుకుని, కత్తెర తీసుకున్నాను. పిలవలేదు, ఆటకి రమ్మనలేదు, నలిపి ముక్కు దగ్గర పెట్టలేదు. ఎండ ఇంకా గోడ ఎక్కలేదు. మొదటి గుప్పెడు కోయగానే వాసన లేచింది. అంత చిన్న ఆకుల్లో అంత వాసన ఎక్కడ దాక్కుందో. తొలకరి చినుకు పడ్డ పెరడంతా ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చున్నట్టుంది. గాలి వరండాలోంచి లోపలికే వీస్తోంది.

కుళాయి చప్పుడు ఆగింది.

తల తిప్పి చూశాను. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల నుంచి బియ్యం కడిగిన నీళ్ళు గడప మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. కళ్ళు మూసుకుని ఉంది. ఎక్కడో దూరంగా ఎవరో పేరు పెట్టి పిలుస్తుంటే, ఎవరా అని చెవి ఒగ్గినట్టు మెడ కొంచెం పక్కకి వంచింది. ముక్కుపుటాలు మెల్లిగా కదులుతున్నాయి. ఒకసారి గాలి పీల్చి, ఆగి, మళ్ళీ పీల్చింది.

ఇన్నాళ్ళ అలవాటు కదా, అదేంటో చెప్పడానికి నేను నోరు తెరిచాను. అత్త కళ్ళు తెరవకుండానే తడిచెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"ఉండవే," అంది. "నువ్వు చెప్పకు. నన్ను చెప్పనీ."